అయస్కాంతానికి అంటని పొట్టు

ఇనుప పొట్టయితే నాకు బాధ లేదు.
పాత స్పీకరుల నుంచి పీకిన అయస్కాంతం
చీపురుకు కట్టి ఇల్లంత ఒక్క తిప్పు తిప్పితే
ముళ్లపంది లెక్క నిక్కబొడుచుకుంటది, పోయి డబ్బాల రాల్చొస్త.
ఈ నెల రోజుల సంది ఇంట్ల రాలుతున్నది అల్యూమినియం.
దేనికి అంటదు, ఎవరి మాట వినదు.
బియ్యంల తేలింది, పిలగాని నోటుబుక్కుల తళుక్కుమన్నది,
నా జడ విప్పితే దిండు మీద
సన్నటి వెండి చుట్ట.

"ఏం జేస్తున్నవు ఓదెలూ" అంటే
"రెండు ఉంగరాలు" అన్నడు.
పెండ్లయిన పద్దెనిమిదేండ్లకు
నాకే అనుకున్న, ఒక్క గడియ.

లోపలి గుండ్రం ఇరవై ఐదు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు.
నా వేలుకు కాదు, దుర్బీనుకు.
దుర్బీను తుపాకికి.

ఆ మాట మా ఇంట్ల
ఎవ్వరం ఎత్తం.

మట్టెవాడల జానీమియా లేతు కాడ
పదహారేండ్ల ఓదెలు నూనె పోస్తున్న కాలం.
నడిజాము జీపొచ్చింది, టార్చిలైట్లు.
గొట్టం కనబడితే గొట్టమెందుకన్నరు,
బోరింగు పైపుకు మర పెడుతున్నమంటే
మర ఎవరికోసమన్నరు.
చెరుకు మిషను రోలర్లు ఊడబెరికి లోపలికి చూసిన్రు.
పదకొండు రోజులకు తిరిగొచ్చిండు జానీమియా.
కుడిచెయ్యి బొటనవేలు
మళ్ల మైక్రోమీటరు తిప్పలేదు.
అన్నల పేరు, పోలీసుల పేరు
రెండూ ఎత్తకుండనే పోయిండు.
ఆ లేతే ఇప్పుడు కాజీపేటల
మా వంటింటి పక్క, రేకుల కింద.

అందుకే డాక్టరమ్మ నుజ్హత్ జీపు దిగంగనే
నా కాళ్లు వణికినయి.
ఆకుపచ్చ జీపు. ముద్రేసిన కాయితం. పొడుగు పెట్టె.
"గుండు ఉండదమ్మా ఇందుల, సూది ఉంటది,
జంతువుకు నిద్రమందు" అన్నది.
తుపాకి ఒక దేశపుది, దుర్బీను ఇంకో దేశపుది,
రెండింటికి పొత్తు కుదురుతలేదు.
మొన్న ఎలుగుబంటికి గురిపెడితే
జానెడు పక్కకు పోయి సూది తాటిచెట్టుకు గుచ్చుకున్నదట.
"తాటిచెట్టు పండుకున్నదా మేడం" అన్నడు మా పిలగాడు.
ఆమె నవ్వింది. ఓదెలు నవ్వలే.
కాయితం మూడుసార్లు చదివిండు,
ముద్రను గోటితో గీకి చూసిండు.

కరెంటు నిలకడగ ఉండేది పన్నెండు దాటినంకనే.
మొదటి జత వంకర.
రెండోది వెంట్రుకల సగం వదులు.
నేను పట్టి ఊపితే గట్టిగనే ఉన్నది.
"నీ చేతికి గట్టి, కంటికి వదులు" అని తుక్కుల పారేసిండు.
మూడోదానికి
ఉక్కు కడ్డీకి వాల్వు పేస్టు పూసి
ముందుకు, వెనుకకు, ముందుకు, వెనుకకు,
పసిపిల్లను జోకొట్టినట్టు
రుద్దుతనే ఉన్నడు తెల్లారేదాక.
నేను లైటు పట్టిన.
నాలుగు మరలు. వరుసగ బిగించొద్దట,
మూల నుంచి మూలకు, కొంచెం కొంచెం,
పంచాయితిల ఇద్దర్నీ ఒప్పించినట్టు.

అప్పుడడిగిన, భయం కాలేదా అని.
మోటరు బందు జేసి
చక్కును చేత్తోని మెల్లగ ఒక చుట్టు తిప్పిండు.
"జానీమియా ఉంటే
మూడో మర ఇంకో పావు తిప్పమనేటోడు" అన్నడు.
తిప్పిండు.

వారానికి ఎల్కతుర్తి అవతల గ్రానైటు క్వారీల
ఎలుగు దిగింది.
ఫోన్ల డాక్టరమ్మ గొంతు:
అనుకున్న కాడనే తాకిందట,
పన్నెండు నిమిషాలకు కూలబడి
చేతుల మీద తల పెట్టుకున్నదట.
"గురక పెట్టిందా" అన్నడు పిలగాడు.
పెట్టిందట.
ఓదెలు ఫోను తిరిగిచ్చి, కంచం కడుక్కుని,
రేకుల కిందికి పోకుండ పండుకున్నడు.

బిల్లు ఇంక రాలే.
తుక్కుల పారేసిన రెండో జతల ఒక ఉంగరం
నేను దాచిన. వేలుకు వదులు,
గాజుకు ఇరుకు.
చీపురు కర్రకు సరిగ్గ సరిపోయింది.
అయస్కాంతం దాని పక్కనే వేలాడుతది,
రెండింటికి ఏం మాటల్లేవు.
పొద్దుగాల పప్పుల ఇంకో తునక దొరికింది.