పడటం

"ఇందులో కొత్తదేముంది?" అని అడగడం నా ఉద్యోగం.
బ్ర్నో నగరంలో, కూరగాయల అంగడి వెనక వీధిలో,
మూడో అంతస్తులో కూర్చుని
జనం కనిపెట్టినవాటికి పేటెంట్ దరఖాస్తులు రాసిపెడతాను.
కాఫీ యంత్రాల మూతలు, కుట్టుమిషను సూదులు.
ఒకసారి ఒకాయన ఎలుకల బోను తెచ్చాడు,
ఎలుకతో సహా.

ఆ ఫిబ్రవరిలో ద్రహోమీరా వచ్చింది.
బూట్ల నిండా మంచు, చంకలో ల్యాప్‌టాప్,
దాని మడతకి గోధుమరంగు టేపు.
ట్రామ్ డిపోలో రాత్రిళ్ళు బండ్లు ఊడుస్తుందట.
పగలు ఇదిగో, ఇది.
"పాటలు వినిపించే ప్రోగ్రామండీ."
"వినిపించేవి బోలెడున్నాయిగా?"
"ఇది చూపిస్తుంది."

తెరమీద కిటికీ నలుచదరంగా లేదు.
కొరికిన బేరిపండులా ఉంది.
పక్కన ధ్వని పెంచే మరొకటి;
మౌసుతో పట్టి తిప్పితే
నిజంగా బరువున్నదానిలా కాస్త బెట్టు చేసి తిరిగింది.
ఏదో పల్లెటూరి పెళ్ళి బ్యాండు పెట్టింది.
పైనుంచి వేలాడుతూ సన్నని గీతలు, నలభై ఉంటాయేమో.
డోలు దెబ్బకి పొడుగువి ఊగాయి,
క్లారినెట్ కూతకి పొట్టివి వణికాయి.

బాగుంది.
బాగుండటానికి మా ఫారంలో గడి లేదు.
"ఇలాంటివి చూశానమ్మా. పచ్చ కడ్డీలు,
పాట వస్తే గంతులేస్తాయి.
నీ దాంట్లో కొత్తదేముంది?"

ఆమె పాట ఆపేసింది.
గీతలు ఆగలేదు.

"అందరూ లేవడం గీశారండీ," అంది.
"నేను పడటం గీశాను."

రాత్రి రెండింటికి ఆఖరి బండి షెడ్డులోకొస్తుందట.
బ్రేకు పడుతుంది. మోటారు గొణిగి ఊరుకుంటుంది.
డ్రైవరు దిగి సిగరెట్టు వెలిగిస్తాడు.
లోపల, ఎవరి చెయ్యీ లేని పట్టీలు
ఊగుతూనే ఉంటాయి.
"చీపురు పట్టుకుని చూస్తూ నిలబడేదాన్ని.
ముందు తలుపు దగ్గరిది అన్నిటికంటే ఆలస్యంగా ఆగుతుంది.
ఎందుకో తెలీదు. దాని తోలు పాతది."

ఆ రాత్రి నా భాషలో రాశాను:
*శ్రవ్య సంకేతము విరమించిన పిదప, తెరపై గల రేఖల చలనమును
పూర్వ తీవ్రతకు అనుగుణముగా క్రమేపీ క్షీణింపజేయు పద్ధతి.*

చదివి వినిపిస్తే, "ట్రామ్ ఏదండీ?" అంది.
ట్రామ్ అని రాస్తే హక్కు ట్రామ్ దగ్గరే ఆగిపోతుందని చెప్పాను.
"పోనీ, చీపురు?"
నవ్వు ఆపుకోలేకపోయాం ఇద్దరం.

అయినా మనసొప్పక, నాలుగో ప్రతిలో ఒక వాక్యం దూర్చాను:
*రేఖలలో కనీసం ఒకటి, కారణము తెలుపబడకుండానే,
మిగిలినవాటికంటే ఆలస్యముగా నిలుచును.*
మా పెద్దాయన ఎర్రసిరాతో కొట్టేశాడు.
కారణం చెప్పలేనిది కనిపెట్టినట్టు కాదట.

పద్నాలుగు నెలలకి జవాబొచ్చింది.
ఇది ఉత్త లెక్క, యంత్రం కాదు, కుదరదు.
ఫోన్ చేశాను. అవతల ఇనుముమీద ఇనుము రాసుకుంటోంది.
"సరేలెండి," అని అరిచింది.
"ఎప్పుడో ఊరికే పంచేశాను. బ్రెజిల్లో ఎవడో
గీతలు తీసేసి వానపాముల్ని పెట్టాడట!"
కోపమో సంబరమో
ఆ చప్పుడులో తేలలేదు.

ఫైలు మూసి అటకెక్కించాను.
దానిమీద ఇప్పుడు ఎలుకలాయన రెండో బోను కాగితాలున్నాయి.

ఇంటికి వెళ్ళేది నేనూ ట్రామ్‌లోనే.
చివరి స్టాపులో జనం బిలబిలా దిగిపోతారు.
నేను వెంటనే లేవను.
డ్రైవరమ్మ అద్దంలోంచి రెండుసార్లు చూస్తుంది.
"ఆఖరిదండీ, దిగాలి."

దిగుతానమ్మా.
ముందు తలుపు దగ్గర
ఇంకొక్కటి ఉంది.