ఇల్లు ఎక్కడని అడిగింది

తెల్లారకముందే రేవులో ఉన్నాం.
పంటు మీద నేను, సంఘం అప్పుతో కొన్న డ్రోను,
రెండు బ్యాటరీలు, మందు డబ్బా,
లంకలో కొబ్బరి దింపుకి బయల్దేరిన సూరన్న బాబాయి,
ఆయన భుజాన చుట్టలు చుట్టిన మోకు.

గాలి లేవకముందే మొక్కజొన్న చేను తడిపేయాలి.
తొమ్మిది దాటిందా, గోదారి మీంచి
ఎవరో దుప్పటి దులిపినట్టు వస్తుంది.

ఫోన్లో ఒకటుంది, మనిషి కాదు.
తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది.
ఎంత వద్దన్నా "గారూ" అనడం మానదు.
నిన్న రాత్రి రెక్కలు విప్పి పక్కన పెట్టేదాకా
మాట ముందుకు కదలనివ్వలేదు.
ఆ తర్వాత ఒకటే ప్రశ్నలు.
సిగ్నలు తెగిపోతే ఏం చేయాలి?
ఉన్నచోటే నిలబడాలా, దిగిపోవాలా, ఇంటికి రావాలా?

ఇంటికే, అన్నాను.

ఎంత ఎత్తున? కొన్నప్పటి లెక్క పదిహేను మీటర్లుంది.
దారిలో అంతకన్నా పొడవైనదేమైనా ఉందా?

కోనసీమలో అడగాల్సిన ప్రశ్నేనా ఇది!
పొద్దున్న పంటు మీద బాబాయిని అడిగాను.
రెండు చేతులూ చాచి గాలిని కొలిచాడు.
"గట్టుమీది మాను పన్నెండు బారలుంటదండి,
మట్టలు ఇంకో రెండు. ఆయ్."

అదే ఫోనుకి చెప్పాను.
బార అంటే, ఎవరి బార? అంది.

నది మధ్యలో నిలబెట్టి ఆయన్ని టేపుతో కొలిచాను.
టికెట్లు కోసే కుర్రాడు ఒక కొస పట్టుకున్నాడు.
నూట అరవై అయిదు. బాబాయి కొంచెం సిగ్గుపడ్డాడు.
మొత్తం ఇరవై మూడు మీటర్లు,
పైన ఇంకో ఏడు కలిపి ముప్పై రాయమంటారా?
రాయి.

చేను పక్కన అప్పాయమ్మ గారి తమలపాకు తోట.
నోట్లో పెట్టుకునే ఆకు, మందు చుక్క పడకూడదు.
పటం మీద వేలితో కంచె గీశాను.
తూర్పు మూల గీత తోటలోకి వెళ్ళింది,
కావాలనే గీశారా? అంది.
కాదు, పంటు కుదిపింది.

లంక ఇంకా నూరు గజాలుండగానే లేపేద్దామని
స్విచ్చి వేస్తే, లేవనంది.
దిక్కు తెలియడం లేదట.
ఏడుంపావు. గట్టు మీద రైతు చెయ్యూపుతున్నాడు.
ఆ తనిఖీ తీసేయ్, అన్నాను.

తీసేయగలను గారూ. తీసేస్తే లేస్తుంది కూడా.
ఎటు పోతుందో మాత్రం నాకు తెలియదు.
నేనక్కడ లేను, నాకు చూపు లేదు.
మీ కాళ్ళ కింద ఇనుమేమైనా ఉందా?

చూశాను.
పంటు నిండా ఇనప పలకలు,
వాటి మీద ఒక ట్రాక్టరు, ఆరు గ్యాసు బండలు.

ఇంకొక మాట, అంది.
లేచిన చోటునే అది ఇల్లనుకుంటుంది.
తిరిగొచ్చేసరికి మీ ఇల్లు అక్కడే ఉంటుందా?

పంటు గంటకి నాలుగుసార్లు ఒడ్డు మారుతుంది.
ఇల్లున్న చోట నీళ్ళుంటాయి.
ఫోను జేబులో పెట్టుకుని
మాట్లాడకుండా ఇసకలోకి దిగాను.

బాబాయి మోకు చెట్టుకి వేసి
ఒళ్ళంతా వెనక్కి వేలాడేసి లాగాడు. ఒకసారి, రెండోసారి.
నలభై ఏళ్ళుగా ఎక్కుతూ ఇంకా లాగి చూస్తావేంటి, అంటే
"నిన్నటి మోకు కాదమ్మా ఇది.
రాత్రంతా ఎలకలున్న కొట్లో పడుకుంది."
మూడోసారి లాగి, ఎక్కాడు.

ఇసకలో దిక్కు దొరికింది.
మందు పోయకముందు, ఉత్త నీళ్ళతో లేపి
చేను అవతలి అంచుకి పంపి
చేతిలో రిమోటు ఆపేశాను.

లోపల గుండె ఒకటి తప్పింది.
సంఘంలో పదిమంది ఆడవాళ్ళ వేలిముద్రలు
అక్కడ గాల్లో నిలబడ్డాయి.

కాసేపు అలాగే ఉండి
ఏదో గుర్తొచ్చినట్టు పైకి, ఇంకా పైకి వెళ్ళి
మట్టల మీదుగా ఇటు తిరిగింది.
పక్క చెట్టు నడుమ నుంచి బాబాయి కేక:
"నా బారలే! ఆయ్!"

నా కాలి గుర్తుల పక్కనే దిగింది.
ఎంత దూరంలో దిగింది? అడిగింది ఫోను.
రెండు జానలు, అన్నాను.

ఎవరి జాన? అంది.