ఒక అంగుళం ఎక్కువ

కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోతూ రోడెల్
ఆరు రియాళ్ళకి ఇచ్చేశాడు ఈ రాకెట్.
పిడి చుట్టిన పట్టీలో అతని చెమట వాసన ఇంకా పోలేదు.
"ఇరవై ఎనిమిది" అన్నాడు, వేళ్ళతో కూడా చూపించి.
అందరివీ ఇరవై ఏడే.

ఒక్క అంగుళం ఏం చేస్తుందిలే అనుకున్నాను.
నేనలా అనుకోకూడదు.
సొహార్ పోర్టులో పదకొండేళ్ళుగా క్రేన్ నడుపుతున్నవాణ్ణి.
బూమ్ ఒక మీటరు చాపితే
ఎన్ని టన్నులు వదులుకోవాలో
నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను.

రాత్రి తొమ్మిది. క్యాంపు వెనక కోర్టు.
నాలుగు దీపాల్లో మూడే వెలుగుతాయి.
సముద్రం మీంచి వచ్చే ఉక్క
తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంటుంది.
రెండు గేములయ్యేసరికి బంతులు
నానిన సెనగల్లా ఉబ్బి బరువెక్కుతాయి.
అవతల తలాల్. పగలు కింద నిలబడి
నాకు చేత్తో సైగలు చేసే రిగ్గర్.
నన్ను 'కసీర్' అంటాడు, పొట్టోడా అని.
అయిదడుగుల రెండంగుళాలు నేను. కోపం దేనికి?

మొదటి సర్వీసు.
ఎప్పుడూ నెట్టుని బతిమాలుకుని దాటే బంతి
ఆ రాత్రి అడక్కుండానే దాటింది.
గీత మీద పడి, లేచి,
వెనక కంచెకి తగిలి గలగలమంది.
తలాల్ కదల్లేదు.
నా బూట్ల వైపు చూశాడు,
కింద ఇటుకలేమైనా పెట్టుకున్నానేమోనని.

నాలుగు అడుగుల అవతల పారిపోయే బంతి కూడా
మొన అంచుకి చిక్కింది.
రెండు చేతుల దెబ్బకి
ఎడమచేతికి పిడి మీద సొంత జాగా దొరికింది,
ఇన్నాళ్ళూ బస్సులో నిలబడ్డవాడికి
కిటికీ పక్క సీటు దొరికినట్టు.
మూడు గేములు నావి.

నీళ్ళు తాగేటప్పుడు తలాల్ వచ్చి
తన రాకెట్‌ని నాదాని పక్కన నిలబెట్టాడు.
"తవీల్" అన్నాడు. పొడుగు.
ఇంకేం అనలేదు.
చిన్నప్పుడు మా బారువ ఇసుకలో
కర్రాబిళ్ళకి పొడుగు కర్ర తెచ్చినవాణ్ణి
మేము ఆట నుంచి తరిమేసేవాళ్ళం.
తలాల్ తరమలేదు.
బంతిని నా కడుపు మీదికి కొట్టడం మొదలుపెట్టాడు.

అక్కడ ఆ అంగుళానికి చోటు లేదు.
మోచెయ్యి పక్కటెముకలకి అడ్డం,
రాకెట్ నాకు అడ్డం.
నెట్టు దగ్గరికి వెళితే ఇంకా ఘోరం:
బంతి వచ్చి వెళ్ళాక
తల తిరుగుతోంది దానికి, తీరిగ్గా,
తెడ్డు తిప్పినట్టు.
తక్కెడలో మూడొందల గ్రాములే.
గాల్లో ఊపితే తెలుస్తుంది
ఆ బరువు ఎక్కడ కూర్చుందో.
క్యాబిన్ గోడకి అంటించిన పట్టిక
కళ్ళముందు ఆడింది, అన్ని అంకెలతో.

సరే, పట్టు అంగుళం పైకి జరిపాను.
మొన చెప్పినమాట వింది.
వాలీలు కుదిరాయి.
కానీ అరచేతి కింద, వాడకుండా మిగిలిన అంగుళం
దెబ్బకొట్టినప్పుడల్లా మణికట్టుని పొడిచింది.
ఆరు రియాళ్ళు పోసి కొన్నది దాన్నే కదా!

సర్వీసుకి చివర పట్టుకుని,
ముందుకు పరిగెత్తుతూ పైకి జరుపుకుని,
మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి,
ఒకసారి జరపడం మరిచి,
ఒకసారి జరుపుతూ జారవిడిచి
ఆరు నాలుగుతో ఓడిపోయాను.
ఆ మొదటి సర్వీసు మాత్రం
మంచం మీద పడుకున్నాక నాలుగుసార్లు కొట్టాను.

పొద్దున్న ఆరున్నర. క్యాబిన్‌లో నేను,
కొక్కేనికి ముప్ఫై అడుగుల పైపుల కట్ట.
కింద, ఎర్ర హెల్మెట్‌లో తలాల్.
అరచెయ్యి తిప్పి దింపమన్నాడు. దింపాను.
ఆగమన్నాడు. ఆగాను.
అప్పుడు తలెత్తి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ఇంతే ఇంత సందు పెట్టి చూపించాడు.

పైపులు ఇంకో అంగుళం దించమంటున్నాడో,
రాత్రి సంగతి అంటున్నాడో
అంత ఎత్తునుంచి తెలీలేదు.

పైపులే దించాను, మెల్లగా.