ముద్ర వేసిన రాయి

చిత్తూరు బెల్లం మండీలో
ఇరవై ఏడేళ్లు నాలుకతో బతికినాను.
దిమ్మె మూల గోటితో గిల్లి నోట్లో వేసుకుంటే చాలు,
ఇది ఐరాల మడిదా, గుడిపాల మెట్టదా,
పాకం ముదిరిందా, తొందరపడి దించినారా,
ఉప్పునీళ్ల బోరు కింది చెరుకా,
అన్నీ చెప్పేవాణ్ణి.
తూకం రాసే చెయ్యి దొరస్వామిది.
ధర పలికేది నా నాలుక.

పోయిన ఆడికృత్తిక ముందర రక్తం తీసి చూసినారు.
మూడువందల పన్నెండు.
కాయితం చూసి డాక్టరమ్మ నవ్వలేదు.
"ఏం పని చేస్తావప్పా?" అనింది.
చెప్పినాను.
అప్పుడు నవ్వింది.

ఇప్పుడు నా చొక్కా జేబులో చిన్న డబ్బీ.
నొక్కితే టిక్కుమని
ఆవగింజకు అన్న లాంటి బిళ్ల.
నీలావతక్క టీ కొట్లో
గ్లాసు అందిస్తా అడుగుతుంది:
"ఒకటా, రెండా?"
ఆ తీపి రొంత ఆలస్యంగా వస్తుంది,
ముహూర్తం దాటి భోజనాల వేళకి దిగిన చుట్టంలా.
వచ్చినాక ఒక పట్టాన పోదు.

మండీ అంతా తెలిసిపోయింది.
దొరస్వామి ఫోను తెచ్చి చూపించినాడు,
ఎవరో తెల్లకోటు ఆయన, వెనక ఎర్ర అక్షరాలు.
"ఎలకలకు పెట్టి చూసినారంట అన్నా, గడ్డలు లేసినాయంట."
మూట దించుతూ హమాలీ కుప్పన్ అన్నాడు:
"మన బస్తాలు కొట్టి తినే ఎలకలకు
ఇంతవరకూ ఒక జొరమన్నా రాలేదే!"

ఆదివారం గ్రంథాలయం మేడ మీద సభ.
రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు హనుమంతాచారి
బోర్డు మీద ఒంటి బరువు రాసి,
దాని పక్కన మిల్లీగ్రాములు రాసి,
హద్దు లోపల భయం లేదన్నాడు.
హద్దు ఎవరికి తెలుస్తుందని
కూల్‌డ్రింకు సీసా ఎత్తి చూపింది ఒకమ్మ:
"పిల్లలకు వద్దని ఇక్కడ చీమ తలకాయంత రాసినారు.
చదివే వయసు నా కొడుకుది కాదు,
చదివే చూపు నాది కాదు."

మా మండీ షావుకారు లేచినాడు.
"ప్రకృతి ఇచ్చింది బెల్లం ఒక్కటే" అన్నాడు.
నేను తల దించుకున్నాను.
పొంగే కొప్పెరలో తెల్లపొడి చల్లితే
దిమ్మె బంగారమై లేస్తుందని
ఆ హాల్లో ఇద్దరికే తెలుసు.
పొడి పడని బెల్లం నల్లగా ఉంటుంది.
నిజాయితీ రంగు అది.
క్వింటాలుకు మూడొందలు తక్కువ.

ఎట్లొచ్చిందో మైకు నా చేతికొచ్చింది.
"సార్, మా మండీకి ఏడాదికోసారి
తూనికల ఆఫీసరు వచ్చి రాళ్లకు ముద్ర వేస్తాడు.
ఈ బిళ్ల ఒక తట్టలో పెడితే
ఎదురు తట్టలో రాయికి
ముద్ర వేసిందెవరు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచినాడు. చాలాసేపు తుడిచినాడు.
"వేసినారు" అన్నాడు.
"వేసి వదిలెయ్యలేదు, మళ్లీ మళ్లీ సరిచూస్తున్నారు.
ఇంకా చూస్తానే ఉన్నారు."
కొందరు చప్పట్లు కొట్టినారు.
కొందరు దాన్నే ఒప్పుకోలు అనుకున్నారు.
వెనక బెంచీలో ఎవరో
టీ ఎప్పుడన్నారు.

టీ వచ్చింది.
చక్కెరది ఒక కెటిలు, చప్పటిది ఒకటి.
చప్పటిది పట్టుకుని గోడ వారగా నిలబడితే
నా పక్కనే ఆచారి సారు.
ఇద్దరి జేబుల్లోంచీ
ఒకేసారి
టిక్కు.
ఆయన గ్లాసులోకి చూసుకున్నాడు, నేను నా గ్లాసులోకి.

తెల్లారి ట్రాక్టరు లోడు దిగింది.
నా బదులు పెట్టుకున్న పిల్లోడు మునిశేఖరు
గిల్లి నాకి, మళ్లీ నాకి,
తెల్లమొగం వేసినాడు. రైతు ఎదురుగా నిలబడినాడు,
తలగుడ్డ చేతిలో పిండుకుంటా.
తట్టుకోలేకపోయినాను.
గోరంత నోట్లో వేసుకుని,
కళ్లు మూసుకుని,
ఉమ్మేసినాను.

ఉమ్మేలోపల ఎంత దిగిందో
ఏ రాయీ చెప్పదు.

"ఐరాలది" అన్నాను.
"ఉప్పునీళ్లు. పొడి వెయ్యలేదు.
ధర తగ్గించొద్దు."