సగం గబ్బిలం

అపియాలో ఆ మూడు వారాలూ
ఎడతెరిపి లేని వాన.
ఫెటూకి జ్వరం పొద్దుగూకితే వచ్చేది,
తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేది.

డెంగీ అన్నారు. కాదు.
టైఫాయిడ్ అన్నారు. అదీ కాదు.
వాళ్ళమ్మ మాలియా మాత్రం
మంచం కోడు పట్టుకుని ఒకటే మాట:
"పచ్చబొట్టు మధ్యలో ఆపితే ఇంతే.
పెద్దలు ఊరుకోరు."

నడుము నుంచి మోకాళ్ళ దాకా
మగవాడు ఒంటిమీద తొడుక్కునే బొమ్మ, పేఆ.
పేఆ అంటే గబ్బిలం కూడా.
ఫెటూ కుడి తొడ మీద అది రెక్క విప్పింది,
ఎడమ తొడ మీద ఇంకా పుట్టలేదు.
సగంలో ఆగిన పేఆ
మా దీవిలో పాడె ఎక్కేదాకా మోసే సిగ్గు.

రాత్రి డ్యూటీలో నాడి చూద్దామని చెయ్యి అందుకున్నాను.
గోళ్ళ కింద సన్నటి ఎర్రగీతలు,
కొబ్బరి పీచు విరిగి లోపల ఉండిపోయినట్టు.
ఇవి ఏ పచ్చబొట్టువాడూ గీసినవి కావు.

గుండె మీద స్టెతస్కోపు పెట్టాను.
లబ్‌కీ డబ్‌కీ మధ్య
ఎవరో నేల మీద తడిగుడ్డ ఈడుస్తున్నారు.

"చిన్నప్పుడు మోకాళ్ళు వాచాయా?"
"ఎనిమిదో ఏట. గొంతు నొప్పి తగ్గాక."
"మరి నెలనెలా సూది?"
గోడవైపు తిరిగాడు.
పదిహేడో ఏట మానేశాడట.
సూది పడిన రోజు కుంటుకుంటూ
రగ్బీ బంతి వెనక పరిగెత్తలేక.

కొత్త డాక్టరు లెవాయి
అప్పటికే మందు సీసా మూత తీస్తున్నాడు.
"ఒక్క గంట ఆగండి" అన్నాను.
ముందు రక్తం. మూడుసార్లు, మూడు చోట్ల నుంచి.
మందు చప్పుడు వినబడిందో
దొంగ దీపం ఆర్పేస్తాడు.

మర్నాటికే సీసాలు మబ్బు పట్టాయి.
మైక్రోస్కోపు కింద ద్రాక్ష గుత్తులు.
మా దీవిలో ద్రాక్ష పండదు.

ఎకో తెర మీద
గుండె తలుపు రెప్పలా మూసుకుంటోంది, తెరుచుకుంటోంది,
దాని అంచున ఓ చిన్న ముద్ద
దిబ్బ అంచున నాచులా ఊగుతోంది.
తెగితే ఎటు కొట్టుకుపోతుందో!
మెదడుకి పోతే మాట పడిపోవచ్చు.
ఆక్లండ్ విమానం కాగితాలు రాసి
సొరుగులో పెట్టాం. తియ్యక్కర్లేకుండా గడిచింది.

ఆరు వారాలు. నాలుగు గంటలకోసారి, నరంలోకి.
ఇంట్లో కూడా నాకు నాలుగింటికి మెలకువ వచ్చేసేది.

ముప్ఫయ్యో రోజున పచ్చబొట్టు పొడిచే లవేఆ వచ్చాడు,
పనిముట్లు గుడ్డలో చుట్టుకుని.
గుమ్మం దాటలేదు.
"నా దువ్వెనేనా?" అన్నాడు.
అబద్ధం ఆడలేకపోయాను.
"కావచ్చు. అది అందరి చర్మం మీదా ఉండేదే.
అందరి గుండె తలుపూ ముందే చెడి ఉండదు."
చాలాసేపు వానకేసి చూశాడు.
"మీ ఆవిరి పెట్టె ఎంత వేడెక్కుతుంది?"

ఇప్పుడు ప్రతి సోమవారం ఆ మూట మా పెట్టెలోకి వస్తుంది.
చాప మీద పడుకునే ప్రతి కుర్రాడినీ
సుత్తి ఎత్తకముందే అడుగుతున్నాడట:
"చిన్నప్పుడు మోకాళ్ళు వాచాయా?"

ఫెటూ ఎడమ తొడని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దన్నారు డాక్టరు.
పన్ను పీకించుకోవాలన్నా ముందు మాత్ర,
రోజూ రెండు పూటలా పళ్ళు తోమడం,
జ్వరం వస్తే ఇంట్లో ఉన్న మాత్ర మింగకుండా మా దగ్గరికి.
తల ఊపాడు. మాలియా ఊపలేదు.

ఇరవై ఎనిమిది రోజులకోసారి వస్తాడు.
లుంగీ కాస్త పైకి జరుపుతాడు.
ఆ ఖాళీ చర్మం మీద స్పిరిటు రాసి,
ఆరేదాకా ఆగి,
పెన్సిలిన్ నెమ్మదిగా ఎక్కిస్తాను.
ఒక చుక్క. ఏడాదికి పదమూడు.

పళ్ళు బిగించి నవ్వుతాడు ఫెటూ:
"ఆ ముసలాయనే నయం.
నువ్వు మరీ నిదానంగా పొడుస్తున్నావు."