లోపలి కుట్టు

పెరంబూర్ స్టేషన్ వంతెనకి
ముప్పై ఎనిమిది మెట్లు.
లెక్క ఇవాళే తెలిసింది.
ఇన్నాళ్ళూ పద్దెనిమిదో మెట్టు దగ్గర
ఫోనొచ్చినట్టు నటించి ఆగిపోయేదాన్ని.

పైన నిలబడి కిందికి చూస్తే
నా మెట్టెలు నాకు కనిపించాయి.
ఎడమకాలిది అరిగిపోయింది, ఎప్పుడో!

రాత్రి గురక వినపడలేదని
మా ఆయన రెండుసార్లు లేచి
ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడట.

సాయంత్రం టైలర్ ధనపాల్ టేపు చుడితే
మొదటిసారి
ఊపిరి బిగబట్టలేదు నేను.
జాకెట్లన్నీ బిగించడానికి గుర్తులు పెడుతూ అడిగాడు:
"లోపలి గుడ్డ ఉంచనామ్మా, కోసెయ్యనా?"

ఉంచమన్నాను.
పాత నన్ను
గుమ్మం బయటికి నెట్టెయ్యలేను కదా,
ఇన్నేళ్ళూ ఆ మెట్లమీద
నన్ను మోసింది
తనే.