రిమార్కుల గడి

యమలూరు కోడి దగ్గర
ఆటో ఎత్తున లేచిన నురగ.
గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా రోడ్డు దాటుతుంది,
హెల్మెట్ల మీద వాలుతుంది.
వారానికి రెండు తెల్లవారుజాములు
తాడు కట్టిన సీసాతో అక్కడికి వెళ్తాను.
ముంచుతాను, మూత బిగిస్తాను, చీటీ అంటిస్తాను:
బెళ్ళందూరు చెరువు, ఆరూ పది, వాసన ఉంది.

ఆ రోజు తాడు బరువెక్కింది.
లాగితే, సీసాని పట్టుకుని ఒక చెయ్యి.
చెయ్యి వెనక, నురగని శాలువాలా కప్పుకుని, అతను.

పాలకడలి చిలికినప్పుడూ ముందొచ్చింది విషమేనని
చిన్నప్పుడు హరికథలో విన్నాను.
తరవాత ఏమేం వచ్చాయో ఇప్పటికీ చెప్పగలను,
ఆవు, గుర్రం, ఏనుగు, చెట్టు, చంద్రుడు.
దగ్గుకుంటూ వచ్చినవాడి పేరు
ఆ పట్టీలో లేదు.

"ఏలాపత్రుడి వంశం," అన్నాడు.
"ఆ చిలకడానికి తాడు మా పెదతాత.
కూలి ఇంకా ముట్టలేదు."
చీలిన నాలుక మీద తెలుగు సగం, కన్నడ సగం.
"స్వల్ప జరుగు" అని
నా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు.

వచ్చినప్పుడల్లా అడుగు నుంచి ఏదో ఒకటి తెచ్చేవాడు.
నిమజ్జనంలో విరిగిన వినాయకుడి తొండం,
ఎవరిదో ఆఫీసు కార్డు, ఫొటో చెరిగిపోయి,
ఒకసారి, నల్లటి తామరగింజ.
"ఇది పూసినప్పుడు నేను పిల్లాణ్ణి" అన్నాడు.

ప్రేమన్నాక ఒక షరతు పెట్టాలట, వాళ్ళ వైపు ఆనవాయితీ.
నిద్రలో చూడొద్దనో, వెనక్కి తిరగొద్దనో అంటాడనుకున్నా.
"నన్ను పరీక్ష చెయ్యకు" అన్నాడు.
నవ్వాను. నా ఉద్యోగమే అది.

నాలుగు నెలలు మాట మీద నిలబడ్డాను.
శ్రావణంలో ఒక రాత్రి కరెంటు పోయింది.
పడగమణి వెలుగులో నాకు వంకాయకూర కలిపి పెడుతూ
ఎందుకో ఏడ్చాడు.
పర్సులో ఎప్పుడూ ఉండే కాగితం ముక్క
నాకన్నా ముందు కదిలింది.
చెంప మీద అద్దాను.
ఏ పట్టికలోనూ లేని రంగుకి తిరిగింది.

కథల్లో అయితే ఇక్కడ ఒక మెరుపు మెరవాలి,
అతను పామై నీళ్ళలోకి జారిపోవాలి,
నేను జుట్టు విరబోసుకుని గట్టు వెంట తిరగాలి.
అతనూ లేచాడు, మర్యాద ప్రకారం.
తలుపు దాకా వెళ్ళాడు.
"పాతాళం దారి పూడ్చేశారు," అన్నాడు, గడప వైపు చూస్తూ.
"దాని మీద పార్కింగు."

ఇప్పుడు మా బిల్డింగు సంపులో ఉంటున్నాడు.
కావేరి నీళ్ళు సోమ, గురువారాలు.
ట్యాంకరు వస్తే ముఖం మాడ్చుకుంటాడు,
బోరు ఉప్పుకి ఒళ్ళు పగులుతుందట.
రాత్రి మోటారు ఆగాక
ఇనప మూత మీద మూడుసార్లు తడతాను.
మాటల్లేవు, ఇంకా అలక.
సందులోంచి రెండు వేళ్ళు మాత్రం వస్తాయి,
చల్లగా, చాలాసేపు.

ఫారంలో, కరిగిన ఆక్సిజన్: సున్నా.
పక్కనే రిమార్కుల గడి.
ఏడేళ్ళుగా అందులో అడ్డగీత కొట్టేదాన్ని.
ఈమధ్య గీత కొట్టడం లేదు.

నిన్న కుబుసం విడిచాడు.
మేడ మీద తీగకి ఆరేశాను.
ఓనరు పుట్టరంగమ్మ అంచు వేళ్ళతో నలిపి చూసి
"మొళకాల్మూరు పట్టా?" అంది.
తలూపాను.
ఎంతయిందని అడిగింది.
ఇంకా కట్టలేదన్నాను.